కొమ్ములో పేడ

ఆవు కొమ్ములో పేడ కూరి శీతకాలమంతా మట్టిలో పాతిపెడతారు. వసంతంలో తవ్వి తీసి, అందులోంచి గుప్పెడు తీసుకుని నీళ్లలో వేసి, సుడి ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిరిగేలా గంటసేపు చిలికి, హెక్టారు నేల మీద చల్లుతారు. రసాయనాలు వాడని బయోడైనమిక్ సాగు అనగానే ముందుగా గుర్తొచ్చేది ఈ తంతే. దీన్ని చూసి నవ్వేవారూ, దండం పెట్టేవారూ తొందరపడుతున్నారని మా అభిప్రాయం.

1924 జూన్‌లో, నేటి పోలండ్‌లో ఉన్న కోబెర్విట్జ్ ఎస్టేట్‌లో రుడాల్ఫ్ స్టైనర్ ఇచ్చిన ఎనిమిది ఉపన్యాసాలు ఈ సాగుకు పునాది. ఆయన రైతు కాడు, తత్వవేత్త. బాలుడైన జిడ్డు కృష్ణమూర్తిని రాబోయే జగద్గురువుగా ప్రచారం చేయడం మింగుడుపడక దివ్యజ్ఞాన సమాజంతో తెగతెంపులు చేసుకుని, ఆంత్రోపోసఫీ అనే ఆధ్యాత్మిక సిద్ధాంతం పేరిట తన దారి తాను చూసుకున్నవాడు. విత్తనాల సత్తువ తగ్గుతోందని, పశువులకు రోగాలు పెరుగుతున్నాయని మొరపెట్టుకున్న రైతులకు ఆయన రసాయనశాస్త్రం చెప్పలేదు, విశ్వం గురించి చెప్పాడు. మొక్కకు భౌతిక దేహంతో పాటు ప్రాణదేహం ఉంటుందన్నాడు. చంద్రుడు, బుధుడు, శుక్రుడు సున్నం ద్వారా, కుజ గురు శనులు సిలికా ద్వారా పైరు మీద పనిచేస్తాయన్నాడు. కొమ్ము జీవశక్తులను బయటికి పోనీయక ఆవు లోపలికే మళ్లిస్తుందన్నాడు. పేడకు కొమ్మును ఎంచుకున్నది అందుకే.

వీటిలో ఏదీ కొలతకు అందేది కాదు. కానీ అదే ఉపన్యాసాల్లో మరో ఊహ ఉంది: పొలం ఒక్క ప్రాణి. పశువు, పైరు, ఎరువు, చుట్టూ ఉన్న చెట్టూచేమా దాని అవయవాలు. బయటి నుంచి తెచ్చి పోసే ప్రతిదీ ఒక రకంగా జబ్బుపడ్డ పొలానికి ఇచ్చే ఔషధమే. 1940లో బ్రిటిష్ రచయిత లార్డ్ నార్త్‌బోర్న్ ‘ఆర్గానిక్ సాగు’ అనే మాటను వాడుకలోకి తెచ్చినప్పుడు దాని వెనుక ఉన్నది ఈ ఊహే. గ్రహాలను నమ్మనివారు కూడా నేడు ఆ అప్పు మీదే బతుకుతున్నారు.

స్విట్జర్లాండ్‌లోని థర్విల్‌లో 1978లో మొదలైన పోలిక ప్రయోగం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. మామూలు సాగు మళ్లతో పోలిస్తే సేంద్రియ, బయోడైనమిక్ మళ్లలో దిగుబడి సగటున 20 శాతం తగ్గింది, నేలలో జీవం మాత్రం పెరిగింది. బయోడైనమిక్ మడిలో సూక్ష్మజీవులు మరీ పుష్కలం. అయితే ఆ మడికి బాగా మాగిన కంపోస్టు కూడా అందింది. ఘనత కంపోస్టుదా, కొమ్ముదా? ఆ ప్రయోగం తేల్చలేదు. తేల్చినట్టు ప్రచారం చేసుకోవడమే మాకు అభ్యంతరం.

బయోడైనమిక్ సరుకుకు ఇచ్చే డిమీటర్ ధ్రువీకరణ ముద్ర కావాలంటే కొమ్ము పేడ వంటి ద్రావణాలు వాడి తీరాలి. మిగతా నియమాలన్నీ పాటించి కొమ్ము పేడ ద్రావణం ఒక్కటి చల్లకపోయినా ముద్ర దక్కదు. అంటే కొనేవాడు చెల్లించే ధరలో కొంత భాగం ఒక క్రతువుకు పోతోంది. క్రతువుకు చెల్లించడం తప్పేమీ కాదు, దాన్ని క్రతువని చెప్పి అమ్మితే చాలు. తన సూచనలను పరీక్షించి చూడమని శిష్యులను స్టైనరే కోరాడు. ఆ మాటను భక్తులు అంతగా తలచుకోరు.

ఆధ్యాత్మికత దానంతట అదే మంచికి హామీ కాదన్న సంగతి ఈ చరిత్రలోనే ఉంది. ఆంత్రోపోసఫీ సంఘాన్ని 1935లో నిషేధించిన నాజీల ఏలుబడిలోనే, డాహౌ నిర్బంధ శిబిరం పక్కనున్న, నాజీల ఎస్‌ఎస్ దళానికి చెందిన మూలికల తోటలో ఖైదీల చేత ఇదే పద్ధతిలో సాగు చేయించారు.

విశ్వవిద్యాలయాలు ఈ సాగును పాఠంగా చెప్పాలనుకుంటే చెప్పవచ్చు. పొలాన్ని ప్రాణిగా చూడటాన్ని వ్యవసాయశాస్త్రంలో, గ్రహబలాన్ని మతాల చరిత్రలో చెప్పాలి. ద్రావణాల సంగతి తేలాలంటే ఒకే ఎరువు వేసిన రెండు మళ్లలో ఒకదానికే వాటిని చల్లాలి. ఏ మడికి చల్లారో కొలిచేవారికి తెలియకూడదు.

డిమీటర్ పొలాల్లో ఆవులకు కొమ్ములు తీయకూడదన్న నియమం ఉంది. స్టైనర్ చెప్పిన కారణం నిలవకపోవచ్చు. కొమ్ము మొలవకుండా లేగదూడ తలపై కాల్చిన ఇనుము పెట్టే పని మానుకుని ఉండటానికి ఆ కారణంతో పనిలేదు.