ముప్పై సెకన్ల మావయ్య

మా మావయ్యది పూతరేకుల వ్యాపారం. ఊరు ఆత్రేయపురం కాబట్టి ఇందులో విశేషం ఏమీ లేదు, అక్కడ రాయి విసిరితే పూతరేకుల కొట్టు మీదే పడుతుంది. విశేషమల్లా ఎదురు కొట్టాయన లోకల్ కేబుల్‌లో యాడ్ వేయించడం. రాత్రి సినిమా మధ్యలో ఆయన దండం పెడుతూ ప్రత్యక్షమయ్యేసరికి మావయ్యకి అన్నం సహించలేదు. మర్నాడు రాజమండ్రి స్టూడియోవాళ్లు చెప్పిన రేటు విన్నాక టిఫిన్ కూడా సహించలేదు.

సరిగ్గా అప్పుడే కువైట్ నుంచి అల్లుడుగారు దిగారు, చేతిలో హ్యాండీకామ్‌తో. లోపల గంటసేపు తిరిగే బుల్లి క్యాసెట్, పక్కన తెరుచుకునే బుల్లి తెర. పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ చేసిన వస్తువది.

“ముప్పై సెకన్లే కదా మావగారూ, నేను తీసేస్తాను” అన్నారు.

పైసా ఖర్చు లేకుండా పని జరుగుతోందంటే మావయ్య మొహం వెలిగిపోతుంది. ఆ షూటింగుకి ఉన్న లైటింగ్ మొత్తం అదేనని తరవాత తెలిసింది.

మా జిల్లాల్లో అల్లుణ్ణి పల్లెత్తు మాట అనకూడదు. కానీ షూటింగ్ అన్నాక ఎవరో ఒకరు తిట్లు తినాలి. ఆ పోస్టులోకి మేనల్లుణ్ణి నన్ను తీసుకున్నారు. పైకి మాత్రం అసిస్టెంటు.

మొదటి షాట్ కాలువ గట్టు మీద గుర్రమెక్కిన కాటన్ దొర విగ్రహం. “1852లో ఆయన ఆనకట్ట కట్టబట్టే మనకీ పంటలు, పంట ఉంటేనే బియ్యం, బియ్యం ఉంటేనే రేకు. కాబట్టి దొరతోనే మొదలెట్టాలి” అని మావయ్య స్క్రిప్టు. కెమెరా మీద జూమ్ ఎనిమిది వందల రెట్లని రాసి ఉంది. అందులో లెన్సు నిజంగా దగ్గరికి తెచ్చేది ఇరవై రెట్లే, మిగతాదంతా ఉన్న బొమ్మని సాగదీయడం. అల్లుడుగారికి ఆ తేడా పట్టలేదు. అవతలి గట్టు మీద నిలబడి పూర్తిగా లాగారు. ఆ జూమ్‌లో చెయ్యి ఆవగింజంత కదిలినా తెర మీద భూకంపమే. దొరగారి గుర్రం దౌడు తీసింది.

“ఒరేయ్, కెమెరా స్టాండు తేవద్దూ?” అని మావయ్య నన్ను కోప్పడ్డాడు. స్టాండు కువైట్‌లోనే ఉంది.

అసలు కథ వంటింట్లో. పూతరేకు తీయడం చూసినవాళ్లకి తెలుసు, నాలుక తిప్పినంతసేపు కూడా పట్టదు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. జయ బియ్యం పిండి పల్చగా కలిపి, అందులో పల్చటి గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క వాటున లాగుతారు. గుడ్డ వెనకాలే రేకు లేచి వస్తుంది. అవతలి మనిషి కనిపించేటంత పల్చన. యాడ్ కదా అని అత్తయ్య పట్టుచీర కట్టి, బీరువాలో గాజులన్నీ మోచేతిదాకా ఎక్కించి కూర్చుంది.

కెమెరా ఫోకస్ ఆటో. చేత్తో తిప్పుకునే వీలుంది గానీ, దానికి మెనూలోకి వెళ్లాలి. ఆ ముందు రోజు ఎవరో పిల్లలు ఏదో నొక్కితే మెనూ మొత్తం అరబ్బీలోకి వెళ్లి కూర్చుంది. కువైట్‌లో ఇన్నేళ్లున్నా అల్లుడుగారికి అరబ్బీలో చదవడం వచ్చేది జీతం అంకె ఒక్కటే. కాబట్టి ఆటోయే గతి.

ఆటో ఫోకస్ గీతలూ అంచులూ వెతుక్కుంటుంది. రేకులో గీతా లేదు, అంచూ లేదు. పాపం అది ముందుకీ వెనక్కీ తడుముకుని, చివరికి అత్తయ్య గాజుల దగ్గర ఆగి స్థిమితపడింది. గాజుల మీది నకాషీ పువ్వులు, ఒక గాజుకి ఊడిపోయిన రాయి, అన్నీ స్పష్టం. రేకు మాత్రం పొగలో పొగ. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, ఆ రోజు ఈ కెమెరా మాత్రం వాటిని చచ్చినా గుర్తించలేదు.

వెలుగు సంగతీ అంతే. మసిబారిన కుండ నల్లగా ఉండేసరికి, గది చీకటిగా ఉంది కాబోలనుకుని కెమెరా తనంతట తాను కన్ను పెద్దది చేసుకునేది. దాంతో తెల్లటి రేకు ఇంకా తెల్లబడి మాయం. తలుపు తీస్తే రేకు నీలిమందు ఎక్కువైన పంచెలా కనిపించింది, తలుపు వేస్తే మంట రంగుకి ఎర్రబడింది. ఫ్రిజ్ డబ్బాలోంచి తీసిన థర్మోకోల్ అట్ట పట్టుకుని, వెలుగు రేకు మీదికి తిప్పమని నన్ను నిలబెట్టారు. రేకులు ఎగిరిపోతాయని ఫ్యాన్ ఆపేశారు. చెమట కళ్లలోకి దిగుతోంది, పొగకి దగ్గొస్తోంది.

“దగ్గకురా, రికార్డవుతుంది!”

ఎన్ని టేకులయ్యాయో ఎవరూ లెక్కపెట్టలేదు. అత్తయ్య మాత్రం తీసిన రేకునల్లా పక్కన దొంతర పెడుతూ పోయింది. సాయంత్రానికి మర్నాటి ఆర్డరు మొత్తం తయారు. ఆ రోజు జరిగిన పని అదొక్కటే.

చివరిది మావయ్య డైలాగు. “నోట్లో పెడితే కరిగిపోయే నేతి పూతరేకులు, మా దగ్గరే!” ఇంతే. కెమెరాకున్న మైకు దగ్గరున్నవాళ్ల మాటే వింటుంది. అందుకని క్యాసెట్ తిరిగే గిరగిర, అల్లుడుగారి ఊపిరి శ్రద్ధగా ఎక్కాయి, మావయ్య గొంతు పక్కింట్లోంచి వచ్చినట్టుంది. సరే, దగ్గరికొచ్చి గట్టిగా అరవమన్నారు. అరిచాడు. కానీ అల్లుడంటే ఉన్న మర్యాద కొద్దీ, డైలాగు అయ్యీ అవకుండానే అదే ఊపులో “బాగా వచ్చిందాండీ అల్లుడుగారూ?” అని అడిగేవాడు. ఈసారి అడగకండి అంటే “అలాగేనండి” అని మళ్లీ అడిగేవాడు. ఇంతలో బ్యాటరీ అయిపోయింది. ఛార్జింగ్ పెడదామంటే కరెంటు లేదు.

రావులపాలెంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాడు తల పట్టుకున్నాడు. దౌడు తీసే గుర్రం పెట్టాడు, గాజులు పెట్టాడు, వాటి మీద గులాబీ రేకలు రాలే ఎఫెక్టు కూడా వేశాడు, అది ఏ పెళ్లిదో. మావయ్య మాట మాత్రం ఎక్కడ కోద్దామన్నా సందు దొరకలేదు. యాడ్ అలాగే వచ్చింది: “...నేతి పూతరేకులు, మా దగ్గరే బాగా వచ్చిందాండీ అల్లుడుగారూ?”

వారం తిరక్కుండా కొట్టుకి వచ్చినవాడల్లా డబ్బా చేతిలోకి తీసుకుని “బాగా వచ్చిందాండీ అల్లుడుగారూ?” అనడం మొదలెట్టాడు. మావయ్య మొదట ఉడుక్కున్నాడు, గల్లాపెట్టె చూసుకున్నాక సర్దుకున్నాడు. ఎదురు కొట్టాయన దండం పెట్టడం మానేసి తన అల్లుడి కోసం కబురు పంపాడట.

ఆడవాళ్లు మాత్రం రేకుల మాట ఎత్తకుండా అత్తయ్యని ఆ గాజులు ఎక్కడ చేయించారని అడిగేవారు. ఆ షాపాయన చెవిన పడింది. స్వయంగా వచ్చి, మా నగలకీ ఇలాగే తీసిపెట్టాలని అల్లుడుగారి చేతిలో అడ్వాన్సు పెట్టి వెళ్లాడు. అల్లుడుగారు దాన్ని జేబులో పెట్టుకుని అత్తయ్య వేసిన పెసరట్టు తింటున్నారు.

మావయ్య నన్ను అరుగు మీదికి పిలిచి గొంతు తగ్గించాడు.

“ఒరేయ్, ఆ క్యాసెట్ల డబ్బు నేనే పెట్టుకున్నాను కదా. అల్లుణ్ణి అడిగితే బావుండదు. నువ్వు ఎప్పుడిస్తావు?”