నొప్పి తెలియని సూది

సోమవారం జరిగింది. ఒళ్లింకా మండుతూనే ఉంది. హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ చిట్టా, పది దాటిందని డాక్టరు ఇన్సులిన్ పెన్ను రాశాడు. మందుల షాపబ్బాయి "గుచ్చి నొక్కేయడమే సార్" అంటూనే తర్వాతి గిరాకీ వైపు తిరిగాడు. నా చదువు అంతటితో పూర్తి.

నెల గడిచినా షుగర్ దిగలేదు. డాక్టరు నన్ను, అంటే నా రిపోర్టును, రెండుసార్లు చూసి 12 యూనిట్లను 18, తర్వాత 24 చేశాడు.

ఈసారి ఆయన గది ముందు క్లినికల్ ఫార్మసిస్ట్ అని ఓ అమ్మాయి కూర్చుంది. ఆరేళ్ల ఫార్మ్‌డీ చదువట. నేనేమో మాత్రలు లెక్కపెట్టడానికి పెట్టారనుకున్నా.

"అంకుల్, ఈరోజు ఇన్సులిన్ నా ముందే వేసుకోండి, చూస్తాను" అంది.

నాకిష్టమైన ఘట్టం. చొక్కా ఎత్తి, "మనసు గట్టిగా ఉంటే నొప్పే ఉండదమ్మా" అని మొదలుపెట్టా. క్లాక్ టవర్ దగ్గర ఉగ్గాని తింటూ నెల్లాళ్లుగా చెబుతున్న ఉపన్యాసమే. సూదంటే పారిపోయే మా బామ్మర్దికైతే పూటకోసారి వినిపించా. బటన్ నొక్కి, గోడ గడియారం చూస్తూ పది లెక్కపెట్టా. ఆరు దగ్గర పొట్ట మీద చల్లగా ఓ చుక్క జారింది. రోజూ జారేదే. అనంతపురం ఎండ, చెమట అనుకునేవాణ్ణి. ఆ చెమట మందు వాసన వేస్తే, మందు ఒంటికి బాగా పట్టిందని మా ఆవిడకు చెప్పా కూడా.

అమ్మాయి పెన్ను తీసుకుని, చివరనున్న బుల్లి మూత లాగింది. లోపల సూది! నెలలో మొదటిసారి దాని ముఖం చూశా.

"రెండు మూతలుంటాయి అంకుల్. మీరు పైదొక్కటే తీశారు."

పక్క టోకెన్ పెద్దాయన ఊరుకుంటాడా? "ఏం సారూ, నెల్లాళ్లూ మూతతోనే పొడుచుకుంటాంటివా?"

ఆమె మాత్రం నవ్వకుండా లోపలికెళ్లింది. "ఒంట్లోకి చుక్క పోలేదు సార్. ఇప్పుడు మూత తీసి 24 వేస్తే షుగర్ మరీ పడిపోతుంది" అంది. మళ్లీ 12 చేయించింది. అప్పుడు డాక్టరు తలెత్తి నన్ను చూశాడు. "డబ్బాలో కాగితం ఉంటుంది కదండీ, చదవరా?" చదవొచ్చు, చీమలకైతే! ఆ అక్షరాలు వాటి సైజే.

కొత్త సూది బిగించి, ముందు రెండు యూనిట్లు గాల్లోకి వదిలి చుక్క చూసుకోమంది. తర్వాత గుచ్చుకున్నా. నాలుగు మిల్లీమీటర్ల సూది.

నా కేక విని, బయట స్కూటర్ దగ్గరున్న బామ్మర్ది పరిగెత్తుకొచ్చాడు.