భయపడ్డవాడు భక్తుడు కాడా?

ఈ మధ్య ఒక మెసేజ్ ఎక్కడ చూసినా కనిపిస్తోంది. ఒక్కో మతం వాళ్లు తమ తమ బొమ్మ పెట్టి పంచుకుంటున్నారు గానీ సారం ఒకటే: "నిజమైన భక్తుడికి భయం ఉండదు. చంపుతామన్నా పారిపోడు, దాక్కోడు. హింస పెరిగేకొద్దీ విశ్వాసం పెరుగుతుంది. ఒక్కసారి లొంగినవాడు ఇక మనవాడు కాడు."

చదివితే ఒళ్లు పులకరిస్తుంది, నిజమే. కానీ ఇది క్షేమంగా ఉన్నవాళ్లకు మాత్రమే చేరదు. నమ్మకం వదులుకోకపోతే ఇల్లు తగలబెడతామని, పిల్లల్ని బతకనివ్వమని బెదిరింపులు వింటున్నవాళ్లకూ చేరుతుంది. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్రపట్టని ఆ మనిషి ఇది చదివి, "నాకు భయమేస్తోందంటే నాది దొంగ భక్తేనేమో" అనుకుంటాడు. నాకు బాధ కలిగించేది అదే. అందుకే ఆ మాటలకు ఒక్కొక్కటిగా జవాబు రాస్తున్నాను.

మొదటిది, భయం ఉండదన్న మాట. గెత్సేమనే తోటలో యేసు, రాబోతున్న బాధల గిన్నెను తన నుంచి తొలగించమని వేడుకున్నారని, ఆయన చెమట రక్తబిందువుల్లా నేల మీద పడిందని లూకా సువార్తే చెబుతోంది. ఫిరౌను మాంత్రికుల తాళ్లు పాముల్లా కదులుతుంటే మూసా ప్రవక్త మనసులో భయపడ్డారని ఖురాన్ చెబుతోంది. ఆ గ్రంథాలు దాచని విషయాన్ని మనం ఎందుకు దాచాలి?

రెండో శతాబ్దంలో రోమన్ అధికారులు క్రైస్తవులను క్రూరమృగాలకు వేసి చంపుతున్నప్పుడు స్ముర్నలో జరిగింది చూడండి. నేటి టర్కీలోని ఇజ్మీర్ అది. క్వింటస్ అనే అతను తనంతట తానే వెళ్లి అధికారులకు లొంగిపోయాడు, ఇంకొందరిని కూడా వెంట తీసుకెళ్లాడు. తీరా క్రూరమృగాలను కళ్లారా చూసేసరికి గుండె జారిపోయి, అధికారులు చెప్పినట్టే ప్రమాణం చేసి రోమన్ దేవతలకు బలి అర్పించాడు. అదే ఊరి బిషప్ పాలీకార్ప్ మాత్రం తోటివాళ్ల మాట విని ఊరి బయట పొలంలో ఉన్న ఇంటికి, అక్కణ్నుంచి మరో చోటికి మారారు. చివరికి భటులు వచ్చి పట్టుకుంటే, వాళ్లకు భోజనం పెట్టించి, ప్రార్థనకు ఒక గంట అడిగారు. క్రీస్తును దూషిస్తే వదిలేస్తామన్నప్పుడు, "86 ఏళ్లుగా ఆయన్ను సేవిస్తున్నాను, నాకు ఏ కీడూ చేయలేదు, ఎలా దూషించను?" అన్నారు. మంటల్లో నిలబెట్టినా మాట మార్చలేదు. ఈ సంగతులన్నీ రాసిన స్ముర్న సంఘం, తమంతట తాము వెళ్లి లొంగిపోయేవాళ్లను మేం మెచ్చుకోమని అదే ఉత్తరంలో స్పష్టంగా చెప్పింది.

పారిపోకూడదన్న మాటకు కూడా సగం జవాబు ఇక్కడే ఉంది. మిగతా సగానికి సాక్ష్యాలు కావలసినన్ని. ముహమ్మద్ ప్రవక్త హింసపడుతున్న అనుచరులను అబిసీనియాకు, అంటే నేటి ఇథియోపియా ప్రాంతానికి పంపించారు. 622లో తానూ సౌర్ గుహలో దాక్కుని మదీనా చేరారు. ఇస్లామీ శకం లెక్క ఆ వలసతోనే మొదలవుతుంది. వైష్ణవ సంప్రదాయం చెప్పేదాని ప్రకారం రామానుజులు చోళరాజు ఆగ్రహం తప్పించుకోవడానికి తెల్లబట్టలు కట్టుకుని శ్రీరంగం విడిచి హొయ్సళ రాజ్యానికి వెళ్లారు. గురువు కాషాయం తాను కట్టుకుని రాజు ముందుకు వెళ్లిన కూరత్తాళ్వాన్ కళ్లు పోగొట్టుకున్నారు. ఈ ఇద్దరిలో ఎవరి భక్తి తక్కువ అంటారు? పద్నాలుగో శతాబ్దంలో ఢిల్లీ సైన్యం మీదికొచ్చినప్పుడు శ్రీరంగనాథుడి ఉత్సవమూర్తినే భక్తులు ఊరు దాటించారు. ఏళ్ల తరబడి తిరుమలలో కాపాడి, 1371లో తిరిగి శ్రీరంగం చేర్చారు.

ప్రాణమిచ్చినవాళ్లను నేను తక్కువ చేయడం లేదు. 1675లో ఢిల్లీలో సిక్కు గురువు తేగ్ బహదూర్ తల ఇచ్చారు గానీ విశ్వాసం వదల్లేదు. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా గొంతు పూడుకుపోతుంది. అయితే ఆ నిర్ణయం ఆయనది. ఇంకొకరి ప్రాణం గురించి ఆ నిర్ణయం తీసుకునే హక్కు మనకెవరిచ్చారు?

హింసతో విశ్వాసం పెరుగుతుందనేది కొన్నిచోట్ల నిజం, అన్నిచోట్లా కాదు. మానీ అనే ప్రవక్త పర్షియాలో మొదలుపెట్టి, రోమ్ నుంచి చైనా దాకా పాకిన మానీ మతాన్ని రాజ్యం తర్వాత రాజ్యం అణచివేసింది, చివరికి అది కనుమరుగైంది. దక్షిణ ఫ్రాన్స్‌లో చర్చికి భిన్నంగా నమ్మిన కాథార్లనే క్రైస్తవ వర్గానికీ అదే గతి పట్టింది. హింస మంచిదే అన్నట్టు మాట్లాడటం హింసించేవాడికి పనికొస్తుంది గానీ దెబ్బలు తినేవాడికి కాదు.

ఇక లొంగినవాడు మనవాడు కాడన్నది. నాలుగింటిలో నాకు అన్నిటికంటే క్రూరంగా అనిపించేది ఇదే. చిత్రహింసలు తట్టుకోలేక తన విశ్వాసాన్ని నోటితో కాదన్న అమ్మార్ అనే అనుచరుడు ఏడుస్తూ ముహమ్మద్ ప్రవక్త దగ్గరికి వెళ్లారు. అమ్మార్ తల్లి సుమయ్య అదే హింసలో ప్రాణం వదిలారు. బలవంతం మీద నోరు కాదన్నా హృదయంలో విశ్వాసం ఉన్నవాళ్లకు ఖురాన్ 16వ సూరా మినహాయింపు ఇస్తోంది. 250లో రోమన్ చక్రవర్తి డేసియస్ అందరూ రోమన్ దేవతలకు బలి అర్పించి పత్రం తీసుకోవాలని ఆజ్ఞాపిస్తే, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో చాలామంది క్రైస్తవులు లొంగిపోయారు. బిషప్ సిప్రియన్ దాక్కున్నారు, దానికి మాటలూ పడ్డారు. అలా లొంగినవాళ్లను మళ్లీ సంఘంలో చేర్చుకోకూడదని రోమ్‌లో నొవేషియన్ అనే గురువు వర్గం పట్టుబట్టింది. సిప్రియన్, తోటి బిషప్పులు పశ్చాత్తాపపడినవాళ్లకు దారి తెరిచారు. మరో హింస రాబోతోందని అనిపించగానే, ఈసారి నిలబడే బలం వాళ్లకు కావాలి కదా అని ఇంకా త్వరగా చేర్చుకున్నారు. ఆ సిప్రియనే 258లో వెనక్కి తగ్గకుండా శిరచ్ఛేదానికి సిద్ధపడ్డారు.

జపాన్‌లో 1614లో క్రైస్తవ మతాన్ని నిషేధించాక అధికారులు క్రీస్తు, మరియ బొమ్మలున్న పలకలను జనం చేత తొక్కించేవారు. నాగసాకి ప్రాంతంలో రహస్యంగా విశ్వాసం నిలుపుకున్నవాళ్లు వాటిని తొక్కి, ఇంటికి వచ్చి పశ్చాత్తాప ప్రార్థన చెప్పుకునేవారు. గురువులు లేరు, గుడి లేదు. ప్రార్థనలు నోటి మాటగానే పిల్లలకు అందాయి. 1865లో కొత్తగా కట్టిన ఔరా చర్చికి కొందరు వచ్చి, మా మనసూ మీ మనసూ ఒకటేనని అక్కడి ఫ్రెంచి గురువుకు చెప్పారు. సంగతి బయటపడ్డాక ఉరకామి గ్రామం నుంచి 3,000 మందికి పైగా దూరప్రాంతాలకు తరిమేశారు. 600 మందికి పైగా అక్కడే చనిపోయారు. 1873లో నిషేధాన్ని చాటే ప్రభుత్వ బోర్డులు తీసేశాక మిగిలినవాళ్లు ఊరు చేరారు. ఆ మెసేజ్ చెప్పిందే నిజమైతే, వీళ్ల తాతముత్తాతలు మొదటిసారి పలక తొక్కిన రోజే మతానికి దూరమైపోయినట్టు.