కాకి రోజూ వాలే చెట్టు

మొన్న ఒక వానాకాలం సాయంత్రం అమీర్‌పేట్ మెట్రో మెట్ల దగ్గర ఇరుక్కుపోయాను. రోడ్డు కాలువైపోయింది. బండ్లవాళ్లంతా స్టేషన్ కింద చేరారు. గొడుగులున్నవాళ్లు కూడా తెరిచే ధైర్యం చేయడం లేదు. పక్క నుంచి ఎవరో "ఏరా, నువ్వా?" అన్నారు. చూస్తే, పదహారేళ్ల కిందట ఎస్సార్ నగర్ హాస్టల్లో నా రూమ్మేట్. ఇద్దరం జావా కోర్సులో చేరి, ఒకే బకెట్‌ను వంతులేసుకుని వాడుకున్న రోజులవి. తర్వాత నంబర్లు మారాయి, అంతే.

"ఇంత పెద్ద సిటీలో, ఈ వానలో, ఇక్కడ! రాసిపెట్టి ఉందిరా" అన్నాడు. నేనూ అవునన్నాను. పది నిమిషాలు మాట్లాడుకున్నాక అసలు సంగతి తెలిసింది. రెండేళ్లుగా వాడు ఆఫీసయ్యాక రాయదుర్గంలో ఎక్కి, అమీర్‌పేట్‌లో రైలు మారి, ఎల్బీనగర్ వెళ్తున్నాడు. రెండేళ్లుగా నేను కూడా దాదాపు అదే వేళకు అదే స్టేషన్లో దిగుతున్నాను. ఆ రోజు ఫోన్ కవర్ కొనుక్కుందామని కిందికి వచ్చి వానకు ఆగిపోయాడు. మరి ఆశ్చర్యపోవాల్సింది కలిసినందుకా, ఇన్నాళ్లూ కలవనందుకా?

ఇలాంటివాటికి మన దగ్గర ఉన్న మాట కాకతాళీయం. కాకి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో పండు రాలింది. రెంటికీ సంబంధం లేదని చెప్పడానికే ఆ మాట వాడతాం. నాకు మాత్రం ఆ ఉపమానంలో రెండు సంగతులు వదిలేశారనిపిస్తుంది. పండు అప్పటికే ముగ్గి ఉంది. కాకి ఆ చెట్టు మీదికి రోజూ వస్తుంది. విధి, రాత, రుణానుబంధం అని మనం పేర్లు పెట్టేవాటిలో చాలావాటికి చెట్టు ఎక్కడుందో వెతికితే దొరుకుతుంది. మా ఇద్దరి చెట్టు అమీర్‌పేట్. మెట్రోలో లైన్ మారే స్టేషన్లు మూడే: అమీర్‌పేట్, ఎంజీబీఎస్, పరేడ్ గ్రౌండ్. కోచింగ్ కోసం కుర్రకారు దిగే చోటు, ఉద్యోగమొచ్చాక రైలు మారే చోటు ఒకటే అయినప్పుడు పాత రూమ్మేట్లు అక్కడ కాక ఇంకెక్కడ కనిపిస్తారు?

ఒక చిన్న లెక్క వేద్దాం. నగరంలో కోటి మంది ఉన్నారని, అందులో మొహం చూస్తే గుర్తుపట్టేవాళ్లు 500 మంది అని అనుకుందాం. అంటే 20,000 మందిలో ఒకరు. సాయంత్రం ఇల్లు చేరేలోపు 2,000 మొహాలు కంటబడితే, పది సాయంత్రాలకు ఒకసారైనా తెలిసినవాళ్లు తగలాలి. ఇది పరిచయస్తులు ఊరంతా చెల్లాచెదురుగా ఉన్నారనుకుంటేనే. నిజానికి ఉండరు. మన ఆఫీసుల చుట్టూ, మన అద్దెలు సరిపోయే కాలనీల్లో, మన పిల్లల స్కూళ్ల దగ్గరే ఉంటారు. రవీంద్రభారతిలో సభకు వెళ్లి "అరె, మీరూ వచ్చారా!" అనడం నాకు ఎప్పుడూ వింతే. తెలుగు సాహిత్య సభకు వాళ్లు రాకపోతే ఎవరొస్తారు?

పుట్టినరోజుల లెక్క కూడా చాలామంది వినే ఉంటారు. ఒక గదిలో 23 మంది ఉంటే, ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి పైనే. నమ్మబుద్ధి కాదు, ఎందుకంటే మనం 23 మందిని లెక్కపెడతాం గానీ వాళ్ల మధ్య ఏర్పడే 253 జతల్ని లెక్కపెట్టం. 57 మంది అయితే ఆ అవకాశం 99 శాతం. హైదరాబాద్ మెట్రో స్టేషన్లు కూడా 57. ఇది రాస్తుంటే ఒక క్షణం నాకే ఒళ్లు జలదరించింది. అందులో ఏమీ లేదని తెలిసి కూడా.

పైగా మనం ఊరికే కూర్చోం. యాదృచ్ఛికాలను తవ్వి మరీ తీస్తాం. బస్సులో పక్క సీటాయన "మీదే ఊరండీ?" అంటాడు. నల్గొండ అంటే నల్గొండలో ఎక్కడంటాడు. మిర్యాలగూడ దాకా వచ్చేసరికి ఆయన తోడల్లుడు అక్కడే టీచర్‌గా చేసి ఉంటాడు. "ప్రపంచం ఎంత చిన్నదో చూడండి!" చిన్నది కాక ఏమవుతుంది, అరగంట గుచ్చి గుచ్చి అడిగితే? ఇంటిపేరు అడిగినప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. దాని వెనక ఇంకో ప్రశ్న దాక్కుని ఉంటుందని అడిగేవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు.

ఇదంతా జరగాలంటే నలుగురూ ఒకచోట కాసేపు ఆగాలి. ఇరానీ హోటల్లో నాలుగు కుర్చీల టేబుల్ దగ్గర ఒక్కరే ఉంటే మిగతా మూడు ఖాళీగా ఉంచాలన్న మర్యాద లేదు. పౌనా చాయ్ చెప్పి ఎవరైనా ఎదురుగా కూర్చోవచ్చు. అదే పడమటి వైపు కొత్త నగరంలో లిఫ్టులోంచి సెల్లార్‌కి, అక్కడి నుంచి ఫ్లైఓవర్ మీదికి, మళ్లీ ఇంటి సెల్లార్‌లోకి. 2009లో వచ్చిన పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు ఒక్క మనిషి మొహం చూడకుండా వెళ్లిపోవచ్చు. తిట్టడం లేదు, టైమ్ కలిసొస్తుందని నేనూ అటే వెళ్తాను. కానీ ట్రాఫిక్‌ను లెక్కపెట్టి రోడ్లు వేసేవాళ్ల లెక్కలో ఇలాంటి నష్టానికి గడి ఉండదు.

ఆడవాళ్లకు ఈ లెక్క వేరు. చీకటిపడ్డాక పరిచయం లేని మనిషి పలకరిస్తే మగవాడికది కబురు, ఆడమనిషికి టెన్షన్. అయితే 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక, డబ్బు లెక్క చూసుకుని ఇంట్లో ఆగిపోయినవాళ్లూ బస్సెక్కుతున్నారు. మా పక్కింటావిడకు చిన్ననాటి క్లాస్‌మేట్ అలాగే సిటీ బస్సులో కనిపించింది. దాన్ని విధి అనాలో పథకం అనాలో మరి.

1960లలో అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే సైకాలజిస్ట్ ఒక ప్రయోగం చేశారు. నెబ్రాస్కా, బోస్టన్ ప్రాంతాల్లో 296 మందిని ఎంచుకుని, బోస్టన్‌లో పనిచేసే ఒక స్టాక్ బ్రోకర్‌కు పరిచయస్తుల చేతుల మీదుగా ఒక పత్రం అందించమన్నారు. సగటున ఐదారు చేతులు మారితే అందిందని అందరూ చెప్పుకుంటారు. అందినవి 64 మాత్రమే. మిగతా 232 సంగతి ఎవరికీ గుర్తుండదు. కలవడం కథ అవుతుంది. కలవకపోవడం ఏమీ అవదు, జరిగినట్టే తెలియదు.

ఆ రాత్రి రూమ్మేట్ వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. గణేశ్ నిమజ్జనం రోజు అమీర్‌పేట్ ప్లాట్‌ఫామ్ మీద జనాన్ని చూసి తీశాడట. ఎడమ అంచున వెనక్కి తిరిగి నిలబడ్డ ఒక మనిషి, చేతిలో పచ్చ గళ్ల టిఫిన్ సంచి. "నువ్వేనా?" అని అడిగాడు. సంచి నాదిలాగే ఉంది. అలాంటివి కోఠిలో కుప్పలు పోసి అమ్ముతారు. చొక్కా మాత్రం గుర్తు రావడం లేదు.