ఉలి పడితే శిల్పం, ముడి వేస్తే చేతిపనా?

స్త్రీ అనుభవం కళలోకి వచ్చిందనగానే మన విమర్శకులు కన్నీటి కోసం వెతుకుతారు. వేదన కనబడకపోతే అది స్త్రీ అనుభవమే కాదన్నట్టు, నిలదొక్కుకోవడమంటే దెబ్బలు తినడమే అన్నట్టు రాస్తారు. భారతీయ శిల్పి మృణాళిని ముఖర్జీ (1949–2015) జనపనార తాళ్లతో చేసిన శిల్పాలు ఈ అలవాటుకు గట్టి జవాబు. లండన్‌లోని ప్రసిద్ధ కళాసంస్థ రాయల్ అకాడమీ 2025లో ఆమె చుట్టూ ఒక పెద్ద ప్రదర్శననే అల్లిన తర్వాతైనా ఆ జవాబును మనం సరిగ్గా చదవాలి.

ఆమె శాంతినికేతన్ చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ కుమార్తె, బరోడాలో కళాకారుడు కె.జి. సుబ్రహ్మణ్యన్ శిష్యురాలు అన్న పరిచయం పాతదే. తల్లి లీలా ముఖర్జీ కూడా కొయ్యలో, కంచులో పనిచేసిన శిల్పి అన్న సంగతి మాత్రం ఆ పరిచయంలో తరచు జారిపోతుంది.

1984 నాటి ‘యక్షి’నే తీసుకుందాం. ఎత్తు రెండు మీటర్లకు పైనే. మగ్గం లేదు, ముందుగా గీసుకున్న నమూనా లేదు. రంగు పట్టించిన తాళ్లను వేళ్లతో ముడి పక్కన ముడిగా, వరస కింద వరసగా బిగిస్తూ నెలల తరబడి పెంచిన రూపమది. అల్లిక ఒకచోట బిగుసుకుంటుంది, మరోచోట వదులై మడతలు మడతలుగా విచ్చుకుంటుంది. ఆ మడతల్లో ఏది పూరేకో, ఏది స్త్రీ దేహమో విడదీసి చెప్పడం కష్టం. గర్భగుడిలోని మూలవిరాట్టులా అది ఎదురుగా నిలుస్తుందే తప్ప జాలి అడగదు. రాయిలా తనంత తాను నిలబడే గుణం తాడుకు లేదు, వదిలేస్తే కుప్పకూలుతుంది. లోపలి లోహపు చట్రం కొంత ఆసరా ఇచ్చినా, ఆ దేహానికి ఆకారం వచ్చింది అసంఖ్యాకమైన ముడులు ఒకదాన్నొకటి పట్టుకుని లాగడం వల్లనే. స్త్రీల నిబ్బరం గురించి ఇంతకన్నా సూటిగా చెప్పిన శిల్పం నాకు తెలియదు.

ఆమె స్త్రీవాద ముద్రను కోరుకోలేదనీ, ఆమె చూపంతా చెట్టూచేమల మీద, ఆలయ శిల్పం మీదేననీ కొందరంటారు. కాదనను. అయితే ముద్ర వద్దన్నంత మాత్రాన శిల్పం చెప్పే మాట చెరిగిపోదు.

అసలు పేచీ ముడి దగ్గర ఉంది. కంచు పోతపోస్తే శిల్పమని ఒప్పుకున్న కళాలోకం, తాడు ముడివేస్తే చాలాకాలం హస్తకళ అని పక్కన పెట్టింది. ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా మ్యూజియం ఆమె జీవితకాల కృషిని ఒకచోట చేర్చి చూపింది 2015 జనవరి చివర్లో. ఆ తలుపులు తెరిచిన కొద్ది రోజులకే, ఫిబ్రవరిలో, ఆమె కన్నుమూశారు. న్యూయార్క్‌లోని మెట్ బ్రాయర్ మ్యూజియంలో ఆమె ప్రదర్శన 2019లో గానీ రాలేదు. కుట్టు, అల్లిక, పేనడం ఆడవాళ్ల చేతి అలవాట్లు కాబట్టే వాటిలోని ఆలోచనను గుర్తించడానికి ఇంత జాప్యమని నేను నమ్ముతున్నాను.

ఈ చిన్నచూపు ఢిల్లీ, లండన్ గ్యాలరీలకే పరిమితం కాదు. కోనసీమలో కొబ్బరి పీచును తాడుగా పేనే చేతులను మనం కూలి లెక్కలోనే చూస్తాం. కొండపల్లి బొమ్మ చెక్కకు తెల్ల పొణికి అన్న పేరుంది, బొమ్మకు ఊరి పేరుంది, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. దాని మీద కనుబొమలు దిద్దిన స్త్రీ పేరును పెట్టె మీద అచ్చు వేయడానికి ఏ చట్టమూ అడ్డురాదు.