పెరుగు ఘనమా ద్రవమా అని అడిగి మార్కులు కోసే ముందు

పెరుగును ద్రవం అని రాయలేదని మా అక్క కూతురికి సైన్స్ పరీక్షలో మార్కు కోశారు. ఏడో తరగతి పిల్ల. "తోడుకున్న పెరుగు కదిలించకపోతే ఘనంలా నిలబడుతుంది, చిలికితే ద్రవం అవుతుంది" అని రాసింది. పక్కన ఎర్ర ఇంకుతో ఇంటూ గుర్తు. మా అక్క వెళ్లి అడిగితే "కీలో ద్రవం అని ఉంది మేడమ్, మేమేం చేయలేం" అన్నారంట. ఆ బడి పేరు ఇక్కడ అనవసరం, ఈ జబ్బు ఒక్క బడిది కాదు.

ఆ పిల్ల రాసింది అక్షరాలా నిజం. పాలలో దాదాపు 87 శాతం నీళ్లే. తోడు వేస్తే అందులోని బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారు చేస్తుంది. పులుపు పెరిగేకొద్దీ కేసిన్ అనే ప్రోటీన్ కణాలు ఒకదానికొకటి అతుక్కుని వలలా అల్లుకుంటాయి. నీళ్లన్నీ ఆ వలలో ఇరుక్కుపోతాయి. అందుకే గడ్డ పెరుగు గిన్నె కాస్త వంచినా జారదు, గరిటె పెడితే ముక్కలా వస్తుంది, గరిటె తీసిన గుంటలో కాసేపటికి తేట నీరు ఊరుతుంది. కవ్వంతో వల తెంపామా, మజ్జిగ. ఇలాంటి పదార్థాన్ని జెల్ అంటారు. ఒకదాని సన్న కణాలు ఇంకోదానిలో కరగకుండా పరుచుకుని ఉండే పదార్థాలు కొలాయిడ్లు, జెల్ వాటిలో ఒక రకం. కొలాయిడ్ అనే పేరు థామస్ గ్రాహం అనే రసాయన శాస్త్రవేత్త 1861లోనే పెట్టాడు. నూట అరవై ఏళ్ల పైబడిన సంగతి మన ఆన్సర్ కీలోకి ఇంకా రాలేదు.

నేను కర్నూలులో రోడ్డు పనులకు మట్టి పరీక్షలు చేసే ల్యాబ్‌లో పని చేస్తాను. నా చేతికి రోజూ వచ్చేది నల్లరేగడి. ఈ జిల్లాలో పుట్టినవాళ్లకు దాని గురించి నేను చెప్పేదేముంది? మే నెలలో చెయ్యి దూరేంత బీటలు, రాయిలా గడ్డలు. రెండు వానలు పడితే చెప్పులు ఊడబెరుకుతుంది. ఇంకాస్త నీళ్లు చేరితే పారుతుంది. మరి రేగడి ఘనమా, ద్రవమా? పుస్తకంలో జవాబు లేదు కానీ మా ల్యాబ్‌లో ఉంది. స్వీడన్ దేశపు రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ ఆటర్‌బర్గ్ 1911లో దానికి దారి చూపించాడు. బంకమట్టి ఎంత తడి దగ్గర ముద్దగా మలచడానికి వస్తుందో, ఎంత తడి దగ్గర ద్రవంలా పారడం మొదలుపెడుతుందో కొలిచి, ఆ తడి శాతాన్నే హద్దు అన్నాడు.

ఆ కొలిచే పద్ధతి చూడండి. ఎండిన మట్టిని సన్న జల్లెడ పట్టి, డిస్టిల్డ్ వాటర్ కలిపి, మెత్తగా మెదిపి ఇత్తడి కప్పులో పరుస్తాం. మధ్యలో ఒక పనిముట్టుతో గాడి గీస్తాం. పిడి తిప్పితే కప్పు ఒక సెంటీమీటరు ఎత్తు నుంచి కిందున్న దిమ్మ మీద టక్కుటక్కున పడుతుంది. ఒక్కో దెబ్బకు గాడి రెండు అంచులూ కొద్దికొద్దిగా జరుగుతాయి. సరిగ్గా 25 దెబ్బలకు ఆ గాడి అడుగున 12 మిల్లీమీటర్ల మేర కలిసిపోతే, అప్పుడు ఆ మట్టిలో ఉన్న తడి శాతమే లిక్విడ్ లిమిట్. రెండో పరీక్షకు యంత్రం కూడా అక్కర్లేదు. అద్దం పలక మీద అరచేత్తో మట్టిని పేనుతాం. 3 మిల్లీమీటర్ల సన్నానికి వచ్చేసరికి పగుళ్లిచ్చి తునిగితే అది ప్లాస్టిక్ లిమిట్.

24 దెబ్బల దగ్గర ద్రవం, 26 దగ్గర ఘనం అని ప్రకృతిలో ఎక్కడా రాసి లేదు. ఆ 25 మనుషులు కూర్చుని ఒప్పుకున్న లెక్క. ఒప్పుకున్నట్టు అందరికీ తెలుసు, కోడ్ పుస్తకంలో అచ్చువేసి ఉంది, అందుకే దాన్ని నమ్మి రోడ్లు వేస్తున్నాం. లిక్విడ్ లిమిట్ 50 దాటిన రేగడి మీద మామూలు పునాది వేస్తే గోడలు నెర్రెలిస్తాయి, అక్కడ లోతుకు దించే, అడుగున ఉబ్బుగా ఉండే పునాది స్తంభాల (అండర్ రీమ్డ్ పైల్స్) గురించి ఆలోచించాలి. మా పనిలో ఇంత బాహాటంగా చెప్పుకునే విషయాన్ని పిల్లల దగ్గర ఎందుకు దాచాలి? హద్దు మనం గీసుకున్నదని, ఏ కొలతతో గీశామో చెప్పాలని బడిలో ఒక్క ముక్క అంటే చాలు కదా.

నీళ్ల సంగతి మన వంటింట్లోనూ అంతే. అదే రాగిపిండి పల్చగా కాస్తే అంబలి, తాగుతాం. ఉడికిన బియ్యపు నూకలో వేసి గట్టిగా కెలికితే సంగటి, ముద్ద చేసి ఊరుబిండితో తింటాం. వేడికి పిండిలోని కణాలు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి, నీళ్లు తక్కువైతే ఒకదాన్నొకటి నొక్కుకుని కదలకుండా అవుతాయి. అంబలికీ సంగటికీ మధ్య గీత ఎక్కడుందో తెడ్డు తిప్పే చేతికి తెలుసు.

తడి ఒక్కటే తేల్చదు, ఎంత సేపు అన్నది కూడా ఉంటుంది. తారు రోడ్లే చూడండి. వేసవిలో వేగంగా పోయే లారీ కింద రోడ్డు చెక్కుచెదరదు. అదే లారీలు సిగ్నల్ దగ్గర, టోల్ గేటు దగ్గర ఆగి ఆగి కదిలే చోట చక్రాల గాడులు పడిపోతాయి. తారు అదే, ఎండా అదే, బరువూ అదే. క్షణంలో దాటిపోయే బరువుకు అది గట్టిగా ఎదురు నిలుస్తుంది, కాసేపు మోపి ఉంచిన బరువుకు నెమ్మదిగా పక్కకు జరుగుతుంది. రోడ్డు తారును వీజీ-30, వీజీ-40 అని చిక్కదనాన్ని బట్టి గ్రేడ్లుగా అమ్మేది అందుకే.

దీనికి లోకమంతా తెలిసిన సాక్ష్యం ఆస్ట్రేలియాలో ఉంది. క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో థామస్ పార్నెల్ అనే ప్రొఫెసర్ 1927లో పిచ్ అనే తారులాంటి పదార్థాన్ని వేడి చేసి గాజు గరాటులో పోశాడు. సుత్తితో కొడితే అద్దంలా పగిలే పదార్థం అది. 1930లో గరాటు కాడ కొస కోసి వదిలేశారు. అప్పటి నుంచి అది బొట్లు కారుస్తూనే ఉంది, తొమ్మిదో బొట్టు 2014లో జారింది. పదార్థం సర్దుకోవడానికి పట్టే కాలాన్ని మనం గమనించే కాలంతో భాగించి చూడాలని మార్కస్ రైనర్ అనే శాస్త్రవేత్త 1964లో ఒక లెక్కే చెప్పాడు, డెబోరా సంఖ్య అంటారు. అంటే "ఇది ద్రవమా?" అని అడిగేవాడు "ఎంత సేపట్లో?" అన్నది కూడా చెప్పాలి.

ఇది చదివి "అయితే గాజు కూడా ద్రవమే, పాత చర్చి కిటికీ అద్దాలు కిందికి జారి మందమయ్యాయి" అని కామెంట్ పెట్టబోయేవాళ్లు ఆగండి. అది తప్పు. ఆ కాలంలో అద్దం తయారీలోనే మందం సమంగా వచ్చేది కాదు. మామూలు వేడిలో గాజు కంటికి కనపడేంత జారాలంటే విశ్వం వయసు కూడా చాలదు. హద్దులు కచ్చితం కావన్నంత మాత్రాన ఏది పడితే అది చెల్లదు, లెక్క వేసి చూడాల్సిందే.

"పరీక్షకు సింపుల్‌గా ఉండాలి, పిల్లలు కన్ఫ్యూజ్ అవుతారు" అని టీచర్లు అంటారు. వాళ్ల టెన్షన్ నాకు తెలుసు, సిలబస్ పూర్తి చేయాలి, పైనుంచి రిజల్ట్ అడుగుతారు. కానీ రోజూ పెరుగన్నం తినే పిల్లకు పెరుగు దగ్గర కన్ఫ్యూజన్ ఎక్కడిది? కళ్లతో చూసిందే రాసింది. చూసింది రాస్తే సున్నా, కీలో ఉన్నది రాస్తే మార్కు అని ఏడో తరగతిలోనే నేర్పితే, తొమ్మిదిలో కొలాయిడ్ల పట్టిక వచ్చేసరికి వెన్న, జెల్లీ అని బట్టీ కొట్టడం తప్ప ఆ పిల్ల ఇంకేం చేస్తుంది? నేను అడిగేది కొత్త సిలబస్ ఏమీ కాదు. కారణం రాసిన జవాబుకు మార్కు వెయ్యండి. "పెరుగు ఏ స్థితి?" అనే ప్రశ్నను "పెరుగు ఎప్పుడు నిలబడుతుంది, ఎప్పుడు పారుతుంది?" అని మార్చండి.

ఒక్క పీరియడ్ దొరికితే పొలం నుంచి గుప్పెడు రేగడి తెప్పించి, అద్దం ముక్క మీద పిల్లల చేతనే పేనించండి. ఎవరి ముద్దలో ఎన్ని చెంచాల నీళ్లు పడ్డాయో, ఎవరిది ఎక్కడ తునిగిందో వాళ్లనే రాసుకోనివ్వండి. కర్నూలు చుట్టుపక్కల ఏ సైన్స్ టీచరైనా సరే, మాట ముందే చెప్పి పిల్లలను తీసుకొస్తే మా ల్యాబ్‌లో ఇత్తడి కప్పు తిప్పి చూపించడానికి నేను సిద్ధం. పిడి వాళ్లకే ఇస్తాను, దెబ్బలు వాళ్లే లెక్కపెడతారు.