మాత్రల చీటీతో పాటు ఒక మనిషి

ఆస్పత్రిలో ఉండి తాగుడు మానిన మనిషికి అసలు కష్టం మన శ్రీకాకుళం జిల్లా మందస బస్టాండులో దిగాక మొదలవుతుంది. వీధి అదే, స్నేహితులూ వాళ్లే. సాయంత్రమయ్యేసరికి చేతులు వణుకుతాయి. భార్యకు టెన్షన్. డాక్టరుగారేమో జిల్లా కేంద్రంలో ఉంటారు. ఆ సమయంలో గుమ్మం ముందు నిలబడి 'ఎలా ఉన్నావు, మాత్ర వేసుకున్నావా' అని అడిగే మనిషి మన వైద్య వ్యవస్థలో లేడు. ఆ మనిషిని ఒక ఉద్యోగిగా తయారు చేయాలని మేము కోరుతున్నాం.

జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16లో జరిగింది. దేశంలో పెద్దవాళ్లలో వంద మందికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, మద్యం సమస్య ఉన్నవారిలో అత్యధికులకు చికిత్సే అందడం లేదని అది తేల్చింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంటి దగ్గరే పునరావాసానికి సాయం అందాలని చెప్పింది. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ పలుకుతుంది, మంచిదే. కానీ మాత్రలు మానేసి మూల కూర్చున్నవాడు తనంతట తాను ఫోన్ చేయడు.

ఈ పనికి పెద్ద డిగ్రీలు అక్కర్లేదు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చినవారిలో హానికరంగా తాగుతున్నవారికి మామూలు మనుషులే శిక్షణ పొంది కౌన్సెలింగ్ ఇచ్చారు. దాంతో మేలు జరిగిందని 2017లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. అయితే ఏళ్ల తరబడి తాగి పూర్తిగా బానిసైనవారి సంగతి వేరు. అలాంటివారు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఆ లక్షణాలు గుర్తుపట్టి ఆస్పత్రికి ఎప్పుడు పరుగెత్తాలో తెలిసినవారు ఊళ్లో ఉండాలి.

మన జిల్లాకు ఇంకో చిక్కుంది. పండగకు వచ్చి మళ్లీ చెన్నైకో, హైదరాబాద్‌కో, గుజరాత్ తీరంలో వేటకో పోయేవారు ఎందరో. మాత్రల చీటీ ఇంట్లో ఉండిపోతుంది, మనిషి రైలెక్కేస్తాడు. అతని ఫోన్ నంబరు రాసుకుని, వెళ్లిన చోట మందులు దొరికే దారి చూపించేవారు కావాలి. 'గాలి సోకింది' అని తిప్పుతున్న ఇంటివాళ్లను చిన్నబుచ్చకుండా డాక్టరు దగ్గరకు తీసుకురావడం కూడా ఆ ఊరి యాస మాట్లాడే మనిషికే సాధ్యమవుతుంది.

దీన్ని ఆశా కార్యకర్తల నెత్తిన వేసి చేతులు దులుపుకోవడం తప్పు. వాళ్లు ఇప్పటికే గర్భిణుల నుంచి టీకాల వరకు మోస్తున్నారు. తాగుడు మాని నిలదొక్కుకున్నవారిని, జబ్బు నుంచి కోలుకున్నవారిని ముందుగా తీసుకోవాలి. అనుభవించిన మనిషి మాటకున్న బలం పుస్తకంలో దొరకదు. కానీ వాళ్లకూ మళ్లీ జారిపోయే ప్రమాదం ఉంది. అందుకే వారానికోసారి మాట్లాడే పెద్ద దిక్కు ఉండాలి. నెలనెలా జీతం ఉండాలి, ప్రయాణ ఖర్చు ఇవ్వాలి, కౌన్సెలర్‌గా ఎదిగే దారి ఉండాలి. గౌరవ వేతనం పేరుతో సేవ చేయించుకుంటే ఆరు నెలల్లో మానేస్తారు. నమ్మిన రోగి మళ్లీ ఒంటరవుతాడు.

జిల్లా యంత్రాంగం పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో కొద్దిమందితోనైనా ఈ ఏడాదే మొదలుపెట్టాలి. డిశ్చార్జి కాగితం మీద మందుల పేర్ల కింద ఆ కార్యకర్త పేరు, ఫోన్ నంబరు రాసి ఇవ్వాలి.